జీరో టికెట్

అక్టోబర్ 6, సోమవారం

కొత్త యూనివర్సిటీలో మొదటి రోజు. ఒక్కొక్కరిని లేపి పేరు, ఊరు, ర్యాంకు చెప్పమన్నారు. సంగీత, సిద్దిపేట అన్నాను. ర్యాంకు కూడా చెప్పాను. ఇంతకు ముందు ఏం చదివావని ఎవరూ అడగలేదు.

నా బెంచీలో వర్షిత అనే అమ్మాయి కూర్చుంది. వాళ్ళది హుస్నాబాద్. అందరిలాగే ఇంటర్ అవగానే వచ్చింది. నన్ను కాసేపు పరీక్షగా చూసి, "అక్కా, నువ్వు లాంగ్ టర్మ్ ఎన్నేండ్లు తీస్కున్నవ్?" అంది. నా మొహంలో ఏం చూసి అక్కా అందో. ఎంట్రన్స్ కోచింగ్‌లో రెండేళ్ళు పోయాయన్నాను. అయ్యో అన్నట్టు తలాడించి, దసరాకు చేసిన గరిజెల డబ్బా నా వైపు జరిపింది. అబద్ధం చెప్పి తిన్నా గరిజెలు బాగానే ఉన్నాయి.

హార్టికల్చర్. తోటల చదువు. ఇష్టంతోనే చేరాను. చిన్నప్పటి నుంచీ నాకు చెట్లంటే ఇష్టం.

డెంటల్ కాలేజీకి ప్రస్తుతానికి విరామం ఇచ్చానంతే. మూడో సంవత్సరం మధ్యలో ఆపాను. మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

హాస్టల్లో గదులు ఖాళీ లేవట. దొరికేదాకా రోజూ సిద్దిపేట నుంచి బస్సులో రావాలి. ఇంటికొచ్చేసరికి అమ్మ "ఎట్లుంది బిడ్డా కాలేజీ?" అంది. బాపు టీవీ సౌండు తగ్గించాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే మళ్ళీ పెంచాడు.

అక్టోబర్ 7

మార్చి గురించి ఈ డైరీలో రాయను. అది అయిపోయింది.

అక్టోబర్ 14

ప్రాక్టికల్ కోసం ఒక్కొక్కరికి ఒక మడి ఇచ్చారు. నాకు బెండ వచ్చింది. వర్షితకు వంకాయ వస్తే ఏడుపు మొహం పెట్టింది. "మా ఇంట్ల రోజూ వంకాయనే అక్కా, ఈడ గూడా గదేనా!"

పార పట్టుకోవడం నాకు రాలేదు. చేతులు బొబ్బలెక్కాయి. ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. అమ్మ కొబ్బరినూనె రాస్తూ బాపు ఉన్న గది వైపు చూసింది. ఆయనకు వినపడేలా, "ఎంత మెత్తటి చేతులు! గా చేతులతోని డాక్టర్ పని చేస్కోవాల్సిన పోరి," అంది. ఎవరిని అందో తెలియలేదు. నన్నా, బాపునా?

అమ్మ ఇద్దరి మధ్యా మాటలు మోస్తోంది. "బాపు అన్నం తిన్నవా అంటుండు." "బాపు గొడుగు కొంచవొమ్మంటుండు." బాపు నిజంగా అంటున్నాడో, అమ్మే కల్పిస్తోందో.

అక్టోబర్ 16

ఇష్టంతోనే చేరాను.

అక్టోబర్ 24, శుక్రవారం

బాపుకు రూటు మారింది. ఇంట్లో నాకెవరూ చెప్పలేదు.

బాపు ఆర్టీసీలో కండక్టర్. ఇన్నాళ్ళూ కరీంనగర్ వైపు డ్యూటీ. ఈ రోజు ఉదయం గజ్వేల్ వైపు పోయే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదిలాక ముందు నుంచి "టికెట్, టికెట్. ఆధార్ కార్డులు చేతుల వట్టుకోన్రి" అన్న గొంతు వినపడింది. ఇంట్లో నాకోసం పలకడం మానేసిన గొంతు. దిగిపోదామనుకున్నాను. అప్పటికే బస్సు ఊరు దాటింది.

ఒక్కో సీటూ దాటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నన్ను చూశాడు. వేలు మిషన్ మీద ఆగింది.

"యాడ దిగుతరు?" అన్నాడు.

బస్సులో ఆడవాళ్ళందరినీ మీరనే అంటాడు. నన్ను కూడా అన్నాడు.

"యూనివర్సిటీ స్టేజీ," అన్నాను. కార్డు చూపించాను. వెనక వైపు తండ్రి పేరు వెంకటనర్సయ్య అని ఉంటుంది. ఆయన ముందు వైపే చూసి మిషన్ నొక్కాడు. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ బయటికి వచ్చింది. చింపి ఇచ్చాడు.

నా పక్కన కుకునూరుపల్లికి వెళ్ళే ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. బాపును గుర్తుపట్టింది. "ఏం సారూ, ఈ రూటుకొచ్చినవా? మీ బిడ్డ పండ్ల డాక్టర్ సదువుతుండె గదా, అయిపోయిందా?"

బాపు మిషన్‌లోకి చూస్తూ, "సదువుతుంది," అన్నాడు.

"జల్ది సదువుమను. నా దవడ పండ్లన్నీ కదులుతున్నయ్. సిద్దిపేటల్నే దవాఖాన పెట్టియ్యి."

"పెడదాం తియ్," అని వెనక సీటుకు వెళ్ళిపోయాడు.

ఆ ముసలమ్మకూ నాకూ మధ్య ఆమె సంచి ఒక్కటే ఉంది. కుకునూరుపల్లిలో దిగేముందు నాతో, "మంచి బిడ్డ గావచ్చు, ఎప్పుడు జూడు గామె ముచ్చటనే చెప్తడు," అంది.

నేను దిగేటప్పుడు బాపు ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడ్డాడు. "రైట్ రైట్" అన్నాడు. ఆ రెండు మాటలూ నాకు కాదు, డ్రైవర్‌కు.

టికెట్ పారేయలేదు. పుస్తకంలో పెట్టాను. ఎందుకో తెలియదు.

అక్టోబర్ 27

ఒక బస్సు ముందు వెళ్ళడం మొదలుపెట్టాను. చలికాలంలో పెందలాడే లేవడం ఆరోగ్యానికి మంచిది.

నవంబర్ 2, ఆదివారం

ఇంటి ఓనర్ వనజక్క పైకి వచ్చింది. నేను వరండాలో పుస్తకం ముందేసుకుని ఉన్నాను. జామ గురించిన పాఠం. పుస్తకంలో బొమ్మ చూసి, "ఏందే, జామపండ్ల బొమ్మలు చూస్తున్నవ్? నువ్వు పండ్ల డాక్టర్‌వు గదా?" అంది.

అమ్మ వంటగదిలోంచి గబగబా వచ్చింది, ఏదో ఒకటి చెప్పి దాటేద్దామని. నేనే ముందు చెప్పేశాను. అది ఆపేశానక్కా, ఇప్పుడు తోటల చదువు, పండ్ల తోటల గురించి చెప్తారు అన్నాను.

వనజక్క ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఏమాయె! గప్పుడు పండ్ల డాక్టర్‌వే, గిప్పుడు పండ్ల డాక్టర్‌వే. ఏ పండ్లైతే ఏందే నీకు!"

అమ్మకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మార్చి తర్వాత అమ్మ నవ్వగా చూడటం ఇదే మొదటిసారి. నాకూ వచ్చింది. ముగ్గురం నవ్వాం.

బాపు లోపల అన్నం తింటున్నాడు. కంచం పక్కకు నెట్టిన చప్పుడైంది. చేయి కడుక్కుని, చెప్పులేసుకుని, మా ముగ్గురినీ దాటుకుంటూ మెట్లు దిగిపోయాడు. కంచంలో అన్నం సగానికి సగం ఉంది.

నవంబర్ 11

ఈ రోజు మామిడికి అంటు కట్టడం నేర్పారు. రమాకాంత్ సార్ ఒకసారి చేసి చూపించారు. మొక్క తల కోసి నిలువునా చీల్చాలి. మంచి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మను కింద రెండు వైపులా చీలలాగా చెక్కి ఆ చీలికలో దించాలి. రెండు బెరళ్ళూ కలిసేలా చూసి టేపు చుట్టాలి.

కత్తి పట్టుకోగానే తెలిసిపోయింది, ఇది నాకొస్తుందని. డెంటల్‌లో మొదటి రెండేళ్ళూ మైనంతో పళ్ళు చెక్కించేవారు. నా పళ్ళను అద్దాల బీరువాలో పెట్టారు. చెక్కడం నా చేతిలో ఉంది. మొదటి కొమ్మ చెక్కాను. రెండు వైపులా నున్నగా వచ్చింది. దించాను. చుట్టాను. రెండోది కూడా.

మూడోది చెక్కుతుంటే సార్ వచ్చి వెనక నిలబడ్డారు. కత్తి జారింది. కొమ్మ విరిగింది. ఇంకోటి తీసుకున్నాను. చేయి వణుకుతూనే ఉంది. వర్షిత కూడా చూసింది.

సార్ ఇప్పుడేదో అంటారని ఎదురుచూశాను. ఆయన, "ఎవరన్నా చూస్తే వణుకుతదా?" అన్నారు. అవునన్నాను. "సరే, నేను అటు పోత. చెట్టుకైతే తొందరేం లేదు," అని నిజంగానే అటు వెళ్ళిపోయారు. దూరంగా మగపిల్లల మొక్కల దగ్గర నిలబడి, ఇటు వీపు పెట్టారు.

అంతే. ఇంకేం జరగలేదు. కానీ ఇంటికి వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకో రాయను.

నవంబర్ 12

ఆఫీసులో పిలిచారు. ప్రొవిజనల్ అడ్మిషన్ ఇచ్చి చాలా రోజులైంది, పాత కాలేజీ నుంచి టీసీ, ఒరిజినల్స్ డిసెంబర్ మధ్యలోపు తెచ్చివ్వాలి, లేకపోతే సీటు రద్దు చేస్తాం అన్నారు.

తెస్తానన్నాను. ఎలాగూ వెళ్ళే పని ఉంది. ఈ వారం కాకపోతే వచ్చే వారం.

నవంబర్ 20

ఈ వారం కుదరలేదు. బెండ మొక్కలకు పూత వచ్చింది. ఇప్పుడు వదిలి వెళ్తే ఎలా?

నవంబర్ 28, శుక్రవారం

మునీరా ఫోన్ చేసింది. మునీరా మా సిద్దిపేట పిల్లే. డెంటల్ కాలేజీలో నా రూమ్మేట్. నేను వచ్చేశాక నా మంచం మీద ఎవరినీ పడుకోనివ్వలేదు. వారానికోసారి ఫోన్ చేస్తుంది, నేను ఎత్తినప్పుడు ఎత్తుతాను.

"అరే సంగీ, ఎప్పుడొస్తున్నవ్ మరి? జూనియర్ బ్యాచ్‌ల కలిపేస్తరంట గదా నిన్ను."

నాకు అర్థం కాలేదు. ఎవరన్నారు అన్నాను.

"నీకు తెల్వదా? అంకుల్ వచ్చిండు పోయిన నెల. డ్యూటీ డ్రెస్ మీదనే. ప్రిన్సిపాల్ సార్ రూం ముంగట పొద్దంత కూసున్నడు. నేను క్యాంటీన్‌కు తోల్కపోత అంటే, వద్దు బిడ్డా, సార్ బయిటికొస్తే నేను కనవడాలె అన్నడు. సార్ ఒప్పుకున్నడు సంగీ. ఈ డిసెంబర్‌ల చేరితే జూనియర్లతోని కూసోనిస్తడంట. నీకు చెప్పలేదా అంకుల్?"

చెప్పలేదు. మాట్లాడితే కదా చెప్పడానికి.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. నా మీద కోపంతో మాట్లాడటం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది నాకు అనుకూలంగా ఉంది కూడా. కోపంగా ఉన్న మనిషికి ఏమీ చెప్పక్కర్లేదు. కానీ ఆయన అక్కడికి వెళ్ళి, ఆ బల్ల మీద, ఆ డ్రెస్‌లో కూర్చున్నాడు. సార్ బయటికొస్తే తాను కనపడాలని.

ముసలమ్మతో "సదువుతుంది" అన్నది అబద్ధం కాదు మరి. బాపు లెక్కలో నేనింకా చదువుతున్నాను.

నా లెక్కలో? టీసీ ఎందుకు తీసుకురాలేదు నేను? బెండ పూత కోసమా?

డిసెంబర్ 4, గురువారం

సాయంత్రం బాపు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ వెనకాల ఉంది.

"సోమవారం లీవు వెట్టిన," అన్నాడు. గోడకేసి చెప్పాడు గానీ నాకే చెప్పాడు. "ఒక్కపారి కాలేజీకి పోయొద్దాం. సార్‌తోని మాట్లాడిన. నీకు ఇష్టమైతేనే కూసో. లేకుంటే ఒచ్చేద్దాం. ఒక్కపారి చూడు బిడ్డా."

బిడ్డా అన్నాడు. ఎంతకాలానికి. ఆ మాటకు, ఆయన ఏం అడిగినా సరే అనేదాన్ని.

సరే అన్నాను.

అమ్మ బాపు వెనక నుంచి నా మొహమే చూస్తోంది. ఆమెకు సంతోషంగా ఉన్నట్టు లేదు.

డిసెంబర్ 6

వెళ్తే తప్పేముంది? ఇప్పుడు బాగానే ఉన్నాను. అంటు కడితే రెండు బాగానే వచ్చాయి కదా. విశ్రాంతి దొరికింది. చదువు మరిచిపోలేదు, పుస్తకాలు తీసి చూశాను. బాపు సంతోషిస్తాడు. వర్షితకు ఏం చెప్పాలో ఆలోచించాలి.

డిసెంబర్ 8, సోమవారం

రాస్తాను. వరుసగా రాస్తాను.

ఉదయం బస్సులో బాపు నా పక్క సీట్లో కూర్చున్నాడు. ప్రయాణికుడిగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. ప్రతి స్టేజీలో లేవబోయి కూర్చున్నాడు. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. ఏమైందంటే "ఏం లే, చలికి," అన్నాడు. దారిలో ఇడ్లీ తిన్నాం. ఆయన ఒక వైపే నములుతున్నాడు.

కాలేజీ గేటు దాటాను. ఏం కాలేదు. మెట్లెక్కాను. ఏం కాలేదు. చూశావా, అనుకున్నాను.

ప్రిన్సిపాల్ సార్ మీటింగులో ఉన్నారు. బల్ల మీద కూర్చున్నాం. మునీరా ఏప్రన్‌తో పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. తర్వాత బాపును చూసి, "అంకుల్, బుగ్గ అట్లెందుకుంది?" అంది.

"ఏం లే బిడ్డా."

"నోరు తెరువున్రి."

బాపు ఆ అమ్మాయి మాటకు అక్కడే, వరండాలోనే నోరు తెరిచాడు. మునీరా ఫోన్ లైటు వేసి చూసి, "అల్లా! ఎన్ని దినాలైంది ఇది? తీసేయాలె. ఎవరికన్నా చూపెట్టలేదా?" అంది.

బాపు నేల వైపు చూశాడు. "బిడ్డ డాక్టర్ అయితాంటే వేరేటోళ్ళకు ఎట్ల చూపెడ్త?" అన్నాడు.

మునీరా, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఓపీ హాల్లో కుర్చీలో పడుకోబెట్టింది. పక్క కుర్చీ దగ్గర మాకు క్లినిక్ చెప్పిన మేడమ్ ఉంది. నన్ను చూసి తలూపింది. మునీరా గ్లవ్స్ నా చేతికిచ్చి, "జర అద్దం వట్టు సంగీ, బుగ్గ పక్కకు గుంజు, నేను చూస్త," అంది. ఆమె తప్పేం లేదు. క్లినిక్‌లో పక్కపక్కనే చేసిన పని అది. ఇక చేరబోతున్నాను కూడా కదా.

గ్లవ్స్ వేసుకున్నాను. అద్దం తీసుకున్నాను. బాపు నోరు తెరిచాడు.

అద్దం ఆయన పళ్ళకు తగిలి టకటకమంది. ఆపుదామని రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను. ఇంకా ఎక్కువైంది. టకటక, టకటక. హాలంతా వినపడుతున్నట్టు అనిపించింది. మేడమ్ ఇటు తిరిగింది. నా మెడ మీద చెమట.

బాపు కళ్ళు మొదట నా చేతిని చూశాయి. తర్వాత నా మొహాన్ని. నోరు తెరిచి ఉంది, మాట్లాడలేడు. అట్లా చూస్తూనే ఉన్నాడు. పొట్ట మీద పెట్టుకున్న చేయి మెల్లగా ఎత్తి, నా మణికట్టు పట్టుకుని, అద్దంతో సహా తన నోట్లోంచి బయటికి తీశాడు. వదల్లేదు. పట్టుకునే ఉన్నాడు. వణుకు ఆయన చేతిలోకి కూడా పోతోంది, నాకు తెలుస్తోంది.

మునీరా నా చేతిలోంచి అద్దం తీసుకుంది. "నువ్వు బయట కూసో సంగీ."

పన్ను ఆమే తీసింది, మేడమ్ దగ్గరుండి తీయించింది. బాపు దవడలో దూది కరిచి పట్టుకుని వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఎప్పటి సంది?" అన్నాడు. దూది వల్ల మాట ముద్దగా వచ్చింది.

"మార్చి కంటే ముందు నుంచే బాపూ."

"ఇష్టం లేదన్నవ్ గదా నాతోని. గింతే చెప్పినవ్. నేను మొండికేసినవనుకున్న."

"బస్సెక్కినోళ్ళందరికీ చెప్పుకున్నవ్ నువ్వు. ఎట్ల చెప్పాలె?"

బల్ల మీద ఇద్దరి మధ్యా ఉన్న నా చేతి మీద బాపు తన చేయి పెట్టాడు. అప్పటికి వణుకు తగ్గింది. ఆయన చేయి అట్లాగే ఉంచాడు.

అటెండర్ పిలిచాడు. లోపలికి వెళ్ళాం. ప్రిన్సిపాల్ సార్ మంచాయనే. "ఆఁ, వెంకటనర్సయ్య గారూ, రండి. అమ్మాయి వచ్చిందా?" అన్నారు.

బాపు ఏదో అన్నాడు. సార్‌కు అర్థం కాలేదు. "ఏంటండీ?" అన్నారు. బాపు అటు తిరిగి, దూది తీసి రుమాల్లో పెట్టుకుని, మళ్ళీ ఇటు తిరిగాడు. పెదవి మీద కొంచెం రక్తం ఉంది.

"మీకు తక్లీఫ్ ఇచ్చిన సార్. మాఫ్ చేయున్రి. నా బిడ్డ టీసీ ఇయ్యున్రి."

సార్ నా వైపు చూశారు. "నువ్వు చెప్పమ్మా. చదివేది నువ్వు. ఒకసారి తీసుకుంటే మళ్ళీ చేరడం కుదరదు."

నా నోట్లోంచి వెంటనే మాట రాలేదు. అది కూడా రాసుకోవాలి. అంత జరిగాక కూడా, ఆ గదిలో, ఒక్క క్షణం ఆగాను. మైనం పళ్ళు పెట్టిన అద్దాల బీరువా సార్ వెనకే ఉంది. అందులో నావి ఇంకా ఉన్నాయో లేదో కనపడలేదు.

"టీసీ కావాలి సార్," అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బాపు మళ్ళీ దూది పెట్టుకున్నాడు. గజ్వేల్ దాటాక నేను ఏడ్చాను. టీసీ దొరికినందుకు కాదు. వెనక్కి వెళ్ళే దారి పోయినందుకు. ఇన్నాళ్ళూ ఉందనుకుంటూ ఎంత ధైర్యంగా ఉన్నానో. బాపు ఊరుకోమనలేదు. కిటికీ అద్దం కొంచెం జరిపాడు, గాలి రావడానికి.

డిసెంబర్ 9

బాపుకు జావ. ఈ రోజు కూడా నాతో మాట్లాడలేదు, కానీ ఈసారి కారణం దవడ.

డిసెంబర్ 10

మార్చి.

మూడో సంవత్సరంలో పేషెంట్లను ఇచ్చారు. మైనం నోరు తెరవదు, మూయదు, అబ్బా అనదు. మనుషులు అంటారు. మొదటి రోజు నుంచే చేయి వణికింది. అందరికీ కొత్తలో ఉంటుందన్నారు. మునీరాకు వారంలో తగ్గింది. నాకు పెరిగింది. నేనెవరినీ గాయపరచలేదు. గాయపరుస్తానేమోనని ఒక్కో పేషెంటునూ మునీరాకు ఇచ్చేసేదాన్ని. ఒకాయన కుర్చీలోంచి లేచి, "ఈ పిల్ల వద్దు మేడమ్, నాకు భయమైతుంది," అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. చెడ్డగా అనలేదు.

తర్వాత హాస్టల్ మెట్లు దిగడం కష్టమైంది. మొదట క్లినిక్ ఉన్న రోజుల్లో. తర్వాత అన్ని రోజులూ. మెట్ల దగ్గరిదాకా వచ్చి, రెయిలింగ్ పట్టుకుని నిలబడి, మళ్ళీ గదికి పోయేదాన్ని. మునీరా పళ్ళెంలో అన్నం తెచ్చి పెట్టేది. మార్చి అంతా అదే. నెలాఖరుకు మునీరాయే అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ ఒక్కతే వచ్చి, ఏమీ అడగకుండా నా బట్టలు సర్దింది.

ఇంటికొచ్చాక బాపు ఎందుకని ఒక్కసారి అడిగాడు. ఇష్టం లేదన్నాను. చేతకాలేదు అనడం కంటే ఇష్టం లేదు అనడం సులువు. ఆ తర్వాత చెట్లంటే ఇష్టం అన్నాను. మా ఇంట్లో నేను పెంచిన ఒక్క మొక్క కూడా గుర్తు రావడం లేదు. డాబా మీద గులాబీ కుండీ ఉండేది. అది అమ్మది.

డిసెంబర్ 12, శుక్రవారం

టీసీ, ఒరిజినల్స్ ఇచ్చాను. ఆఫీసులో క్లర్కు తీసుకుని, స్టాంపు గుద్ది, ఫైల్లో పెట్టి, "నెక్స్ట్," అన్నాడు.

వర్షిత బయట నిలబడి ఉంది. "అక్కా, నువ్వు ముందు పండ్ల డాక్టర్ సదివినవంట గదా? ఆఫీసుల అంటున్నరు. మరి లాంగ్ టర్మ్ అన్నవ్?" అంది.

అవునన్నాను. ఇంకేం అడుగుతుందో అని చూశాను.

"అయితే గిది చూడు అక్కా, వెనక పన్ను కాడ జివ్వుమంటుంది," అని నోరు తెరిచేసింది.

చూడనన్నాను. మునీరా నంబరు ఇచ్చాను.

డిసెంబర్ 23

బెండకు పల్లాకు తెగులు. ఆకులన్నీ పసుపు రంగు గీతలతో అల్లుకుపోయాయి. తెల్లదోమ తెస్తుందట. పీకేయమన్నారు. మొక్కల్ని పీకి కుప్ప పోశాను. పక్క మడిలో వర్షిత వంకాయలు నిగనిగలాడుతున్నాయి. తనేం చేసిందో తనకే తెలియదు.

అంట్లు చూడటానికి వెళ్ళాను. నేను కట్టినవాటిలో ఒకటి చిగురేసింది. మిగతావి ఎండిపోయాయి. రమాకాంత్ సార్ ఎండినవాటి టేపు విప్పి, నా ముందే ఒకటి చీల్చి చూపించారు. లోపల రెండు బెరళ్ళూ కలవలేదు. "పైకి మంచిగనే కనవడ్డది. లోపట జాగ ఉండిపోయింది. మళ్ళ కట్టు," అన్నారు.

ఇష్టమా కాదా అని ఈ రోజు నన్ను నేను అడగలేదు. ఏం తప్పయిందో చూడటంలో పడి మధ్యాహ్నం భోజనం సంగతి మరిచిపోయాను.

డిసెంబర్ 30

హాస్టల్లో గది ఖాళీ అయింది, చేరతావా అన్నారు. బస్సులోనే వస్తానన్నాను.

జనవరి 5, సోమవారం

మళ్ళీ బాపు బస్సే ఎక్కుతున్నాను. టికెట్ కొట్టే ముందు ఈ రోజు కూడా "యాడికి?" అన్నాడు. యూనివర్సిటీ అన్నాను. తెలుసు కదా అడగడమెందుకు అంటే, "రూల్ అంటే రూల్. నా బిడ్డవైతే ఏంది?" అని గట్టిగా అన్నాడు. ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

జనవరి 24, శనివారం

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, బాపు చెప్పులైనా విప్పకుండా నా గదిలోకి వచ్చాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. లోపల నిమ్మ ఆకులు. లేత ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. వాటి మీద వంకరటింకరగా తెల్లటి గీతలు. ఏదో పాకి వెళ్ళిన దారిలాగా.

"దుద్దెడ కాడ ఎక్కుతడు ఒకాయిన. తోట మొత్తం గిట్లనే అయ్యిందంట. మా బిడ్డ గదే సదువుతుంది, అడుగుత అని చెప్పిన," అన్నాడు. "ఏం రోగం గిది?"

ఆకు తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. బాపు పక్కనే వంగి చూస్తున్నాడు. గీతలు ఆకు పైన లేవు, లోపల ఉన్నాయి. పొర కింద. అంతవరకే తెలిసింది. మాకు ఇంకా ఆ పాఠం రాలేదు. పుస్తకంలో ఎక్కడ ఉంటుందో కూడా నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పొచ్చు. బాపు వెళ్ళి చెప్పేస్తాడు, ఆ తోటాయన ఏదో ఒక మందు కొట్టేస్తాడు.

"తెల్వది బాపూ," అన్నాను.

బాపు నా మొహం వైపు చూశాడు. ఆయన బస్సులో ఇచ్చిన మాట నాకు తెలుసు. ఎలా ఉంటుందో ఆ మొహం అనుకున్నాను.

"తెల్వకుంటే అడిగి చెప్పు," అన్నాడు, చెప్పులు విప్పుకుంటూ. "ఆయిన మళ్ళ సోమవారం గానీ ఎక్కడు."

ఆకులు తడి గుడ్డలో చుట్టి పెట్టాను. రమాకాంత్ సార్‌కు ఫొటో పంపాను. ఇంకా జవాబు రాలేదు. పరవాలేదు, సోమవారం దాకా టైముంది.